పనికొచ్చే రక్తం

సాన్ హోసే, కోస్టారికా
17 సెప్టెంబరు 2006

తమ్ముడు నోయెల్‌కి,

ఈ ఉత్తరం ఇక్కడ జున్ను అమ్ముకుని తిరిగొచ్చే చెపీతా ఖాళీ గంపలో వస్తోంది, వాసనేస్తే నన్ను తిట్టకు. పోస్టులో వేస్తే మన నికరాగువా చేరేలోపు చెరకు ఒక కోత అయిపోతుంది. చెపీతా అయితే శనివారం ఇక్కడ బస్సెక్కి ఆదివారానికి మనూళ్ళో దిగుతుంది. నా ఉత్తరాల మధ్యలో ఒక గీత ఉంటుంది. గీత పైనున్నది మీ బావకి చదివి వినిపించు. కిందున్నది నువ్వు చదువుకుని ఊరుకో. నాలుగక్షరాలు నేర్చుకోమంటే పదిహేడేళ్ళుగా మొండికేసిన మొగుడికి ఇంతకన్నా మర్యాద నేను చెయ్యలేను.

యుసేబియో, నాకు పని దొరికింది. ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో నాలుగో అంతస్తు తుడవాలి, కాఫీ కాచి ఇవ్వాలి. ఏ కంపెనీయో తెలిస్తే నవ్వుతావు. మన మిల్లు నుంచి చక్కెర, ఆల్కహాలు కొని ఐరోపాలో అమ్మేది వీళ్ళే. పందొమ్మిదేళ్ళు నువ్వు కోసిన చెరకు ఎటు పోయిందో వెతుక్కుంటూ వచ్చినట్టుంది నా సంగతి. ఇక్కడివాళ్ళు మనల్ని చూసి "నికాలు" అని మూతి తిప్పుతారు గానీ నేను కాచిన కాఫీ రెండోసారి అడిగి తాగుతారు. నువ్వు నీళ్ళు తాగు, నీడన కూర్చో, ఆ నొప్పి సూదులు వేయించుకోకు, అవి కిడ్నీలకి చేటు. విల్మర్‌ని బడి మాననివ్వకు.

———

నోయెల్, ఇక నీకు. ఇక్కడ గ్రసియేలా మేడమ్ అని ఒకావిడ ఉంది. చెరకు కూలీల మంచిచెడ్డలు చూడడం కంపెనీలో ఆవిడ పని. మనిషి మంచిదే. నా చేతులు పగిలాయని తనే క్రీము కొనిచ్చింది. మీ బావ సంగతి చెబితే కళ్ళు తుడుచుకుంది. "జబ్బు మనిషి పొలంలో దిగకూడదని మిల్లులకి రూలు పెట్టింది మేమే దనేలియా. మీ ఆయన్లాంటివాళ్ళని కాపాడ్డానికే పెట్టాం," అంది. నేను రోజూ తుడిచే బల్ల మీదే ఆ రూలు రాశారట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

నువ్వే చూశావుగా. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే ఆ క్రియాటినిన్ రక్తంలో 1.3 దాటితే మిల్లు గేటు గోడ మీద "పనికిరాడు" అని పేరు అంటించేస్తారు. ఆయనది 1.9. బీమా ఆఫీసువాళ్ళు జబ్బు పింఛను ఇవ్వాలంటే ఏడువందల యాభై వారాల పని ఉండాలి. ఆయనవి ఏడువందల తొమ్మిది. ఇంకో నలభై ఒక్క వారాలు, అంటే రెండు సీజన్లు. ఆ రెండు సీజన్ల కోసం ఆయన ఎంత తెలివితక్కువ పనైనా చేస్తాడు. కాస్త కన్నేసి ఉంచు. మనూళ్ళో మొగుళ్ళు పోయినవాళ్ళ వీధి ఒకటుంది, అందులో నాకు ఇల్లు వద్దు.

నీ అక్క
దనేలియా


సాంతా ఉర్సులా, చినందేగా
29 అక్టోబరు 2006

అక్కకి, నీ తమ్ముడు క్షేమంగా ఉండి రాస్తున్నది.

బావ పక్కనే కూర్చుని చెబుతుంటే రాస్తున్నాను. ముందు ఇది రాయమన్నాడు: సీజను మొదలయ్యే ముందు తీసే రక్తపరీక్షలు పోయిన వారం అయ్యాయి. గేటు గోడ మీద బావ పేరు "పనికివస్తాడు" వరసలో ఉంది. చీటీ మీద 0.8 అని వేశారు. నీ ప్రార్థనలూ, తను పూటపూటా తాగిన గుర్రపుతోక కషాయమూ కలిసి పనిచేశాయని రాయమంటున్నాడు. రాస్తున్నాను.

"రాయరా, రాయి. మీ అక్కకి నా మాట మీద నమ్మకం లేదు, నీ చేతిరాత మీదే," అంటున్నాడు.

విల్మర్ బడికి వెళ్తున్నాడు. ఇంజను విప్పడం నేర్చుకున్నాడట, కలపడం వచ్చే ఏడాది నేర్పుతారట. వాగు అవతల మొక్కజొన్న వేసే భూములన్నీ ఈ ఏడు మిల్లు తీసుకుంది. అమెరికాతో కొత్త ఒప్పందం అయ్యాక చక్కెర ఎంత పండినా చాలడం లేదని మా ముఠా మేస్త్రీ అంటున్నాడు. అంచేత ఈసారి మనుషులు కూడా చాలడం లేదు. నవంబరు మధ్యలో కోత మొదలు.

చెపీతా గంపలు సర్దేసింది. గీత కింద రాయడానికి వేళ లేదు.

నోయెల్


సాన్ హోసే
19 నవంబరు 2006

నా తమ్ముడికీ, నా మొగుడికీ,

ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. 0.8 అన్నది మూడుసార్లు చదివి, మరుగుదొడ్డిలో గడియ పెట్టుకుని ఏడ్చాను. బయటికొచ్చేసరికి గ్రసియేలా మేడమ్ ఎదురైంది. ఎవరైనా పోయారేమోనని కంగారుపడింది. "మా ఆయన బాగయ్యాడమ్మా," అన్నాను. ఆవిడ నన్ను కావలించుకుంది, యుసేబియో! చేతిలో ఇంకా తుడుపుకర్ర ఉంది నాకు. మధ్యాహ్నం అందరికీ కేకు తెప్పించి నీ పేరు చెప్పి కోసింది. నువ్వు లేకుండా నీ పండుగ చేసుకున్నాం.

ఆ చీటీ ఒకసారి చూపించమంటోంది మేడమ్. జాగ్రత్తగా మడిచి చెపీతాకి ఇవ్వండి. డిసెంబరులో వచ్చేద్దామనుకున్నాను. నువ్వు పనిలో దిగావు కాబట్టి విల్మర్ చదువయ్యేదాకా ఇక్కడే ఉంటాను.

———

నోయెల్, గీత కింద ఒక్క ముక్కా రాయలేదేం? వేళ లేదట. కోడి గుడ్డు పెట్టిందని నాలుగు పేజీలు రాసేవాడివి నువ్వు. ఉత్తరం పొడుగునా నవ్వన్నదే లేదు. బావతో తగువు పడ్డావా? ఆయన బాగుపడితే సంతోషించాల్సినవాళ్ళలో నువ్వు ముందుండాలి. పెళ్ళినాడు నా వెనకాల ఏడుస్తూ వస్తే నిన్ను భుజం మీద ఎక్కించుకుని నడిచిన మనిషి. మనసులో ఏదైనా ఉంటే చెప్పెయ్యి. లేదంటే ఓర్వలేకపోతున్నావని అనుకుంటాను.

దనేలియా


సాంతా ఉర్సులా
11 ఫిబ్రవరి 2007

అక్కా,

ఈ ఉత్తరంలో గీత లేదు, అంతా కిందదే. చర్చి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. బావకి తెలియదు.

ఆ 0.8 బావది కాదు, నాది.

ఒక్కో ముఠాకి ఒక్కో రోజు రక్తం తీస్తారు. మా ముఠాకి సోమవారం, బావ ముఠాకి గురువారం. సోమవారం నా కార్డుతో చెయ్యి చాపాను. గురువారం బావ కార్డుతో, బావ టోపీ పెట్టుకుని చాపాను. కార్డు మీద ఫొటో పన్నెండేళ్ళ కిందటిది, ఎండకి వెలిసిపోయి ముక్కు తప్ప ఏమీ కనపడదు. నర్సు రోజుకి నాలుగువందల చేతులు చూస్తుంది, మొహాలు చూడదు. బావ ముఠా మేస్త్రీ చూశాడు గానీ ఆయనకి మనుషులు తక్కువగా ఉన్నారు. అటు తిరిగి సిగరెట్టు ముట్టించుకున్నాడు.

ఎందుకు చేశావంటావు. బావ మా ఇంటికొచ్చి టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నా ఎదుట ఆయన టోపీ తియ్యడం ఎప్పుడైనా చూశావా? "నలభై ఒక్క వారాలు నోయెల్. అంతవరకు నెట్టుకొస్తా. ఆ తర్వాత కత్తి ముట్టను, మీ అక్క మీద ఒట్టు," అన్నాడు. నాకు కాదనే నోరు రాలేదు. నా రక్తం బాగానే ఉంది, రెండు చుక్కలిస్తే అరిగిపోతానా అనుకున్నాను.

ఆ చీటీని బావ నాకు చెప్పకుండా చెపీతాకి ఇచ్చేశాడట. అక్కడ తన పేరు చెప్పి కేకు కోశారని విన్నప్పటి నుంచి ఛాతీ ముందుకు తోసుకుని తిరుగుతున్నాడు, నిజంగానే బాగుపడ్డట్టు. అక్కా, ఆ చీటీ మీ మేడమ్‌కి ఇవ్వకు. పోయిందని చెప్పు, తడిసిందని చెప్పు.

ఇంకోటి. కోత కోసి వచ్చాక బావ వాంతి చేసుకుంటున్నాడు. చెరకు తగలబెట్టిన మసి గొంతులోకి పోయిందంటాడు. మిల్లు దృష్టిలో ఆయన రక్తం 0.8 కాబట్టి అసలు రక్తం ఎలా ఉందో ఎవరూ చూడరు. పోయిన వారం మీ వెనకింటి అంబ్రోసియోని పాతిపెట్టాం. ముప్పై ఎనిమిదేళ్ళు.

ఆ గురువారం నన్ను ఇంకో ముఠాలో కోసే ఉలీసెస్ చూశాడు. తనకీ 1.6 ఉందట, ముగ్గురు పిల్లలు. వచ్చే అక్టోబరుకి తనకి కూడా చెయ్యి చాపమంటున్నాడు. చూద్దాం అన్నాను. నడుం పట్టేసి రెండు రోజులుగా వంగలేకపోతున్నాను, ఒక సూది వేయించుకుని పోవాలి.

కోప్పడకు.
నోయెల్


సాన్ హోసే
4 మార్చి 2007

నోయెల్,

నీ ఉత్తరం వచ్చేసరికి చీటీ మేడమ్ బల్ల మీద ఉంది. నేనే రెండు చేతులా ఇచ్చాను. ఆవిడ దాన్ని గాజు పెట్టెలో పెట్టి పూజ చేసినంత పని చేసింది. కంపెనీ ఏటా వేసే పుస్తకంలో మీ బావ పేరు వేస్తున్నారు. అచ్చుకి వెళ్ళే కాగితం నాకు చదివి వినిపించారు కూడా. "విశ్రాంతి తీసుకుని, మంచినీళ్ళు తాగి, మద్యానికి దూరంగా ఉన్న కూలీ పూర్తిగా కోలుకున్నాడు." మద్యమట! మా పెళ్ళి తర్వాత ఆయన చుక్క ముట్టలేదని నీకు తెలుసు, నాకు తెలుసు. అదే మేడమ్‌తో అన్నాను. "ఆయన గురించి కాదులే, మిగతావాళ్ళకి బుద్ధి రావాలని," అంది.

నిన్ను బావ మీద కన్నేసి ఉంచమన్నాను. నువ్వు ఉరితాడు పేనడానికి ఒక పోగు అందించావు. ఇక ఉలీసెస్ కూడానా? ఏం పుచ్చుకుంటున్నావు వాళ్ళ దగ్గర? నీ చెయ్యేమైనా ఊరి నీళ్ళ పంపా, వచ్చినవాడల్లా కొట్టుకుని పోవడానికి?

బావని రేపే ఆపు. నేను చెప్పానని చెప్పు. వాంతులు మసి వల్ల కాదు.

పైన నాలుగు ముక్కలు రాసి పెన్ను కింద పెట్టాను. మళ్ళీ తీశాను. కోత మొదలై పదహారు వారాలు అయ్యింది కదూ? ఇంకా ఇరవై అయిదు. ఆపమని నోటితో అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. నేనూ మీలాంటిదాన్నే.

దనేలియా


సాంతా ఉర్సులా
9 డిసెంబరు 2007

అక్కకి,

చాలా నెలలు రాయలేదు. "ఏం పుచ్చుకుంటున్నావు" అన్న మాట అరగడానికి అంత కాలం పట్టింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఉలీసెస్ పెళ్ళాం ఒక కోడిపెట్టని తెచ్చింది. వెనక్కి పంపితే గుమ్మంలో ఏడ్చింది, అందుకని ఉంచాం. ఇంతవరకూ గుడ్డు పెట్టలేదు, నీకు నాలుగు పేజీలు రాయడానికి.

మీ కంపెనీ పుస్తకం మా దగ్గరికీ వచ్చింది. మిల్లు ఆసుపత్రిలో, రక్తం తీసే బల్ల పైన, బావ కార్డు మీది వెలిసిన ఫొటోనే బొమ్మగా వేసిన పేజీ అంటించారు. బావ టోపీతో బావ పేరు చెప్పి, బావ బొమ్మ ఎదురుగా నేను చెయ్యి చాపాను. నర్సు బొమ్మని చూపించి, "నీలాగా అందరూ నీళ్ళు తాగితే ఎంత బావుణ్ణు," అంది. నేను తలూపాను. జబ్బుపడిన మిగతావాళ్ళు బీమా ఆఫీసుకెళ్తే అక్కడా ఈ పేజీయే చూపిస్తున్నారట. అతనికి నయమైంది కదా, నీకెందుకు కాదు అని. ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. అక్కడ మీరు ఒక్క కేకు కోసినందుకు, అక్కా, ఇక్కడ చాలామంది పస్తులుంటున్నారు. ఇది నేను కూడా కోపంతోనే రాస్తున్నాను.

ఈసారి నాలుగు రోజులు చెయ్యి చాపాను. నాది, బావది, ఉలీసెస్‌ది, ఇంకో కోతగాడు సాంతోస్‌ది. ఉలీసెస్‌కి చేసి సాంతోస్‌కి కాదంటే ఏమవుతుందో నీకు తెలుసు. అన్ని చీటీల మీదా 1.1. అందరం పనికివచ్చాం.

బావకి పాదాలు వాచాయి. బూట్లు కోసి వేసుకుంటున్నాడు.

నోయెల్


సాన్ హోసే
13 జనవరి 2008

నోయెల్,

మిగతాదంతా తర్వాత తిట్టుకుందాం. పోయినేడు 0.8, ఈ ఏడు 1.1 ఏమిటి? మేడమ్ చెత్తబుట్టలో పడే కాగితాల మీద ఈ అంకెలు చూసీ చూసీ నాకూ కొంచెం తెలుసు. అవి ఎక్కడానికే తప్ప దిగడానికి పుట్టలేదు. నడుం పట్టేసిందని ఎప్పుడో రాశావు. ఎన్ని సూదులు వేయించుకున్నావు? చినందేగా వెళ్ళి బయట ఎక్కడైనా నీ పేరు మీద, నీ టోపీతో, ఒకసారి చూపించుకో. బావ గురించి కాదు, నీ గురించి అడుగుతున్నాను.

అక్క


సాంతా ఉర్సులా
27 ఏప్రిల్ 2008

అక్కా,

నా గురించి బెంగపడకు, ఆ రోజు నీళ్ళు తాగకుండా వెళ్ళాను, అందుకే 1.1. ఇప్పుడు చెప్పాల్సింది అది కాదు.

బావ వారాలు నిండాయి. మొత్తం ఏడువందల యాభై ఏడు. మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను తోడు తీసుకుని బీమా ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి డాక్టరు బావ చెయ్యే చాపమని బావ రక్తమే తీశాడు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి. 6.4.

డాక్టరు పాత చీటీలన్నీ బల్ల మీద వరసగా పేర్చాడు. 1.9, 0.8, 1.1, 6.4. పని వల్ల వచ్చిన జబ్బయితే ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ రావాలట. తర్వాత మీ కంపెనీ పుస్తకం తీశాడు. అంతా చదివి, "ఏడాదిన్నర కింద పూర్తిగా బాగుపడ్డవాడివి. ఆర్నెల్లలో ఇంత పాడైందంటే అది చెరకు కాదు, సీసా. పనివల్ల కాదు కాబట్టి పింఛను రాదు," అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, దొంగ చీటీ మీద చేసిన పని అని బావ వారాలూ కొట్టేస్తారు. చెప్పకపోతే ఎలాగూ పింఛను లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను ఆ లెక్కల్లో ఉండగానే బావ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

"అవును సార్, తాగేవాణ్ణి," అన్నాడు.

అక్కా, ఆ మనిషి ఎప్పుడు తాగాడు! డాక్టరు అది రాసుకున్నాడు. బావ వేలిముద్ర వేశాడు. బస్సు దిగేముందు, "మీ అక్కకి నేను తాగానని రాయకు," అన్నాడు.

పొట్టలోకి గొట్టం వేసి రక్తం శుభ్రం చేస్తామని పెద్దాసుపత్రిలో అన్నారు. గొట్టం వేయించుకున్నవాళ్ళంతా పోయారని బావ వెళ్ళనంటున్నాడు. విల్మర్‌కి ఏమీ చెప్పలేదు. వాడికి అన్నీ తెలుసు.

నోయెల్


సాన్ హోసే
25 మే 2008

తమ్ముడూ,

చెప్పేశాను. ఏమైందో ఉన్నదున్నట్టు రాస్తాను.

శుక్రవారం అందరూ వెళ్ళాక మేడమ్ గదిలోకి కాఫీ తీసుకెళ్ళి, కప్పు పెట్టకుండానే అన్నాను. "ఆ చీటీలో ఉన్నది మా ఆయన రక్తం కాదమ్మా. ఆయన ఎప్పుడూ బాగవ్వలేదు."

ఆవిడ లేచి తలుపు వేసింది. తర్వాత కూర్చోమంది. రెండేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఐరోపాలో కొనేవాళ్ళు ఆ పుస్తకం చూసే మన మిల్లుతో ఇంకో అయిదేళ్ళకి సంతకం చేశారట. చీటీ అబద్ధమని తను ఒక్క కాగితం రాస్తే మిల్లు మొత్తం చీటీలన్నీ కొట్టేస్తారట, ముందుగా వీధిన పడేది కూలీలేనట. "ఇంతకీ అది ఎవరి రక్తం?" అని అడిగింది.

నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది నోయెల్. మింగేశాను. తెలియదన్నాను.

"ఎవరిదో తెలియనంతవరకూ అది మీ ఆయనదే, దనేలియా," అంది. అని నా చెయ్యి నిమిరింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నిజంగానే ఉన్నాయి. నన్ను పనిలోంచి కూడా తియ్యలేదు. తీసి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది.

డిసెంబరులో వచ్చేస్తాను. అప్పటిదాకా ఆయన్ని బతికించు. నీకు ఒకే ఒక్క మాట. ఈ అక్టోబరులో నీ పేరుకి తప్ప ఇంకెవరి పేరుకీ చెయ్యి చాపకు. ఉలీసెస్ కాళ్ళ మీద పడినా సరే. తాగానని డాక్టరుతో అన్నందుకు నేనేమీ అనుకోవడం లేదని బావకి చెప్పు. కాదు, చెప్పకు.

అక్క


సాంతా ఉర్సులా
2 నవంబరు 2008

అక్కా,

నీ మాట వినలేదు. ఉలీసెస్ కాళ్ళ మీద పడలేదు, ఊరికే మా అరుగు మీద కూర్చుని వెళ్ళకుండా ఉండిపోయాడు. ఆ తర్వాత సాంతోస్ వచ్చాడు. వాళ్ళ వెనక ఇంకో కోతగాడు హెనారో. అక్టోబరులో నాలుగు రోజులు చెయ్యి చాపాను, నాకూ ఈ ముగ్గురికీ.

పోయిన గురువారం గేటు గోడ మీద జాబితాలు అంటించారు. ఉలీసెస్ పనికిరాడు. సాంతోస్ పనికిరాడు. హెనారో పనికిరాడు. ముగ్గురూ నా వంక చూశారు. నేను నా పేరు వెతుక్కుంటున్నాను. ముందు "పనికివస్తాడు" వరసంతా రెండుసార్లు చదివాను, అక్కడ ఉంటుందన్న నమ్మకం కొద్దీ. అవతలి వరసలో దొరికింది.

కిటికీ దగ్గర చీటీలు ఇచ్చారు. మూడింటి మీద 2.7, ఒకదాని మీద 2.6. నాలుగు వేర్వేరు ముఠాల మనుషులకి ఇంచుమించు ఒకే అంకె ఎలా వచ్చిందని ఎవరైనా అడుగుతారేమోనని నిలబడ్డాను. అడిగితే చెప్పేద్దామనే అనుకున్నాను. ఎవరూ అడగలేదు. "తర్వాత," అని పిలిచింది నర్సు.

నువ్వు జనవరిలోనే చెప్పావు. వెక్కిరించడానికైనా ఆ ఉత్తరం మళ్ళీ రాయొద్దు. ఒకటి మాత్రం తెలుసుకో. మూత్రంలో మంటా, నడుం నొప్పీ ఏడాదిన్నర పైనుంచీ ఉన్నాయి. ఎండకి అందరికీ వచ్చేదేనని సూది వేయించుకుని కోతకి పోయేవాణ్ణి. అందరి చీటీలకీ నా రక్తం సరిపోతోందన్న గొప్పలో నాకే ఏమవుతోందో చూసుకోలేదు. నావి మూడువందల పన్నెండు వారాలు. బీమా ఆఫీసుకి ఇంకా నాలుగువందల ముప్పై ఎనిమిది కావాలి.

ఇక అసలు సంగతి. పరీక్ష తప్పినవాళ్ళ కోసం పదో తారీఖున మళ్ళీ ఒకసారి రక్తం తీస్తారు. జాబితా చూసిన సాయంత్రం బావ కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పది అడుగులకి ఒకసారి ఆగి వచ్చాడు. వెనకాల విల్మర్ ఉన్నాడు. బావ నా పక్కన కూర్చుని, "నువ్వు నాకు ఇచ్చావు. నా కొడుకు నీకు ఇస్తాడు. పద్దెనిమిది నిండాయి వాడికి, బంగారం లాంటి రక్తం," అన్నాడు. నీ కొడుకు అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచాడు, నవ్వుతూ. "నా మొహం నీలాగే ఉంటుందిగా మామయ్యా," అన్నాడు.

అక్కా, నేను వద్దనలేదు.

వద్దనాలని నోటిదాకా వచ్చింది. ఇంట్లో నా పెళ్ళాం బీన్సు ఏరుతోంది, ఆ చప్పుడు వినపడుతోంది. నేను వాడి చేతి వంక చూశాను. నర్సు చూసినట్టే చూశాను, మొహం చూడలేదు. నరం బాగా కనపడుతోంది అనుకున్నాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఉలీసెస్ వాళ్ళు కూడా రోజూ వచ్చి విల్మర్ ఏడని అడుగుతున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నేనూ కాదు.

అందుకే ఈ ఉత్తరం చెపీతా తేలేదు. దీన్ని నీ చేతికి ఇచ్చినవాడు నీ కొడుకే. కవరు జిగురుతో గట్టిగా అంటించాను, విప్పొద్దని ఒట్టు వేయించాను. నీకు ఒంట్లో బాగాలేదని, చూసి రమ్మని అబద్ధం చెప్పి బస్సెక్కించాను. దారి పొడుగునా వాడు నీ కోసం బెంగపడి ఉంటాడు, ముందు వాడికి అన్నం పెట్టు. బావకి కూడా అదే అబద్ధం చెప్పాను. ఆయన నీకోసం ఏడుస్తున్నాడు. నువ్వు డిసెంబరు దాకా ఆగకు, నువ్వొక్కదానివే రా.

వాణ్ణి తిరిగి పంపకు. వాడు ఎంత మొండికేసినా పంపకు. పదో తారీఖు దాటిపోయింది కదా అని పంపకు, మళ్ళీ అక్టోబరు వస్తుంది. రేపు నేనే ఇంకో ఉత్తరం రాసి, అంతా సర్దుకుంది, పిల్లాణ్ణి పంపమని అడిగితే ఆ ఉత్తరం నమ్మకు. చేతిరాత నాదే అయినా నమ్మకు.

ఇంకొకటి చెప్పాలి, వాడు చెప్పొద్దన్నాడు. రెండేళ్ళుగా బడి సెలవుల్లో వాడు చెరకు నాట్లకి వెళ్తున్నాడు. నీకు తెలిస్తే బెంగపడతావని దాచాం. అక్కడ ఎక్కడైనా డాక్టరు దగ్గర, వాడి పేరు మీదే, వాడి రక్తం ఒకసారి చూపించు. మంచి రక్తమని ఇక్కడ అందరూ అంటున్నారు. నా రక్తం గురించి కూడా అలాగే అనేవాళ్ళు.

నోయెల్